గొంతు రాచపుండునకు కిరణచికిత్స

బొంగురువోయిన గొంతు 3 వారములకును తేఱుకొననిచో జలుబని యుపేక్షింపరాదు. స్వరతంతువులకే పరిమితమైన తొలిదశ రాచపుండు కిరణచికిత్సచే పదుగురిలో సుమారు తొమ్మండ్రకు నయమగును. స్వరమును ప్రాయికముగా నిలుచును.

పాతపద్ధతిలో మెడకు రెండు ప్రక్కలనుండి కిరణములను ప్రసరింపజేయుదురు. ఐ.ఎం.ఆర్.టి. యను నూతనపద్ధతి వానిని పలుదిక్కులనుండి మలచి, మెదడునకు రక్తము గొనిపోవు ధమనులపై తాకిడిని తగ్గించును. వ్యాధిని కుదుర్చుటలో రెండును ఇంచుమించు సమానములే. కావున క్రొత్తయంత్రమునకై వేచి కాలము పోగొట్టుకొనరాదు.

చికిత్స వారమునకు 5 దినములచొప్పున ఐదాఱు వారములు సాగును. నడుమ మానినచో ఫలము తగ్గును, బీడీ ముట్టరాదు. బొంరాస్‌పేటనుండి నిత్యము హైదరాబాదునకు పోయివచ్చుట పేదలకు దుష్కరము. 1955లో అచట వెలసిన ఎం.ఎన్.జె. ఆసుపత్రికి పోవు మనవారికి బసయు దారిబత్తెమును సమకూర్చుడని పోషకులను ప్రార్థించుచున్నాము.