అశోక్‌నగర్ ప్లాన్‌లో కిరాయికి ఉండేవాడు ఎక్కడ?

ఈరోజు ఎపిసోడ్ ముఖ్యంగా చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడలో రూమ్ తీసుకుని ఉన్నవాళ్లకి, ఇప్పుడు ఉంటున్నవాళ్లకి. గ్రూప్స్‌కి చదివారో, డీఎస్సీకి చదివారో, పక్కనే కాలేజీకి వెళ్లారో, మీకు ఈ ఏరియా తెలుసు. తెలియనివాళ్లు కూడా వినండి. మీ ఊళ్లో పాత బస్టాండ్ చుట్టూ కూడా రేపు ఇదే జరగొచ్చు.

విషయం ఏంటంటే, ఈ ఏరియా మారిపోతోంది. పాత ఇళ్లు కూలుతున్నాయి, కొత్త బిల్డింగులు లేస్తున్నాయి. ఈ మార్పుకి ఒక ప్లాన్ ఉందా? ఉంటే అందులో కిరాయికి ఉండేవాడు ఉన్నాడా?

ముందు పైనుంచి మొదలుపెడదాం. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో మొదలైంది. మొత్తం 11 కిలోమీటర్లు. అందులో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, ఈ మూడు స్టేషన్లు ఇక్కడే ఉన్నాయి. తర్వాత 2023 ఆగస్టు 19న ఇందిరాపార్క్ నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి ఓపెన్ చేశారు. ఖర్చు దాదాపు 450 కోట్లు. క్రాస్‌రోడ్స్ దగ్గర అది మెట్రో లైన్ పైనుంచి వెళ్తుంది. అంటే కింద రోడ్డు, మధ్యలో మెట్రో, ఆ పైన బ్రిడ్జి.

వీటివల్ల లాభం లేదని నేను అనను. ఆ సిగ్నల్ దగ్గర సాయంత్రం ఇరుక్కున్నవాళ్లకి బ్రిడ్జి విలువ తెలుసు. కానీ బ్రిడ్జి ఈ ఏరియాని దాటిపోయేవాళ్ల కోసం. మెట్రో మాత్రం మనుషుల్ని తెచ్చి ఇక్కడ దింపుతుంది. దిగినవాళ్లు నడవడానికి కింద ఏముంది?

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 గైడ్‌లైన్స్ ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డం ఏదీ లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. అంటే రెండు వీల్‌చెయిర్లు ఎదురెదురుగా వచ్చినా పక్కపక్కన దాటిపోవాలి. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఒకసారి నడిచి చూడండి. ట్రాన్స్‌ఫార్మర్, మెట్లు, బైకులు, షాపు బోర్డు, మళ్లీ బైకులు. చివరికి రోడ్డు మీదికి దిగి నడుస్తాం.

ఇది చిన్న విషయం కాదు. 2024 డిసెంబర్ 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర సినిమా ప్రీమియర్‌కి వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయారు, ఆమె కొడుకు ప్రాణాపాయ స్థితికి వెళ్లాడు. బాధ్యత ఎవరిదనేది చట్టం తేల్చాల్సిన విషయం. ప్లానింగ్ వైపు నుంచి నేను అడిగేది వేరు. థియేటర్లు, లైబ్రరీ, గుళ్లు, కాలేజీలు, మెట్రో స్టేషన్లు అన్నీ ఇంత దగ్గర దగ్గరగా ఉన్నచోట, జనం నిలబడటానికి, తప్పుకోవడానికి జాగా ఎంత ఉండాలని ఎవరైనా లెక్కేశారా?

ఇప్పుడు బిల్డింగుల సంగతికి వద్దాం. చాలా నగరాల్లో ఎఫ్‌ఎస్‌ఐ అని ఒక లెక్క ఉంటుంది. వంద గజాల ప్లాటు, ఎఫ్‌ఎస్‌ఐ 2 అనుకుంటే, అన్ని అంతస్తులూ కలిపి రెండొందల గజాలే కట్టాలి. హైదరాబాద్‌లో 2006 బిల్డింగ్ రూల్స్ నుంచి ఆ లిమిట్ లేదు. మీ ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, వీటిని బట్టే ఎత్తు. అందుకే ఇక్కడ అసలు ప్లాన్ అంటే రోడ్డే. రోడ్డు వెడల్పయితే బిల్డింగ్ పెరుగుతుంది.

గల్లీల్లో జరిగేది ఇది. నాన్న కట్టిన పాత ఇల్లు, ముగ్గురు అన్నదమ్ములు, రిపేర్లకి డబ్బుల్లేవు. బిల్డర్ వస్తాడు. ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తారు. కొన్ని ఫ్లాట్లు వీళ్లకి, కొన్ని బిల్డర్‌కి. ఇందులో తప్పేం లేదు, ఓనర్‌కి అది బతుకుదెరువు. కానీ ఒక్కో ప్లాటు ఒక్కోసారి మారితే, ఏ ఒక్కరూ ఫుట్‌పాత్ కట్టరు, డ్రైనేజీ పెంచరు, చెట్టు పెట్టరు. గల్లీ మాత్రం పాత వెడల్పులోనే ఉంటుంది. పదిమంది ఉన్నచోట అరవై మంది వస్తారు.

మరి ఆ పాత ఇంట్లో వెనక రూముల్లో ఉన్నవాళ్లు? ఈ ఏరియా బతికేదే వాళ్ల మీద. సిటీ సెంట్రల్ లైబ్రరీ ఇక్కడ ఉంది కాబట్టి ఆదిలాబాద్ నుంచి, పాలమూరు నుంచి పిల్లలు వచ్చారు. వాళ్లొచ్చారు కాబట్టి కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు, సెకండ్ హ్యాండ్ పుస్తకాలు. ఇంకో మాట. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్ కడతారు. ఆ సెస్ నడిపించే లైబ్రరీ వల్లే చుట్టుపక్కల ఇళ్లకి కిరాయిలు వస్తున్నాయి. ఆ కిరాయి కట్టేది ఎవరు? నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న మన తమ్ముడు, మన చెల్లి.

2024 అక్టోబర్‌లో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా వేయాలని, జీవో 29 రద్దు చేయాలని వీళ్లు అశోక్‌నగర్ రోడ్ల మీదికి వచ్చినప్పుడు రాష్ట్రం మొత్తం చూసింది. ఎన్నికలప్పుడు నాయకులు వెతుక్కుంటూ వస్తారు. బిల్డింగ్ కూల్చేటప్పుడు మాత్రం వీళ్లని ఎవరూ అడగరు. చాలామందికి అగ్రిమెంట్ కాగితం కూడా ఉండదు. "నెలాఖరుకి ఖాళీ చెయ్" అంటే అంతే. చీప్‌గా దొరికే ఇంకో రూమ్ ఎక్కడ? హుస్సేన్‌సాగర్ సర్‌ప్లస్ నాలా వైపు గ్రౌండ్ ఫ్లోర్లలో. గట్టి వాన పడితే భయపడాల్సిన చోటు.

రోడ్డు పక్కన చాయ్ బండి అన్నకి కనీసం ఒక చట్టం ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఖాళీ చేయించకూడదు. అమలు ఎలా ఉందనేది వేరే చర్చ. బండికి ఉన్నపాటి హక్కు కూడా హాస్టల్ బెడ్డుకి లేదు.

వేరే ఊళ్లలో ఏం చేశారో చూద్దాం. చెన్నై టీ నగర్‌లో పాండీ బజార్ మనవాళ్లకి బాగా తెలుసు. అక్కడ త్యాగరాయ రోడ్డుని 2019 నవంబర్‌లో పెడెస్ట్రియన్ ప్లాజాగా మార్చారు. కార్లకి దారి తగ్గించి ఫుట్‌పాత్ వెడల్పు చేశారు. దగ్గర్లో మల్టీలెవల్ పార్కింగ్ కట్టారు. ఒక్క బ్రిడ్జి కట్టకుండా సెంటర్ రూపం మారింది.

ముంబైలో భెండీ బజార్ ఇంకో రకం. పదహారున్నర ఎకరాల్లో దాదాపు 250 పాత బిల్డింగుల్ని ఒక్కటిగా కలిపి కడుతున్నారు. అక్కడ కిరాయిదారులకి కూడా కొత్త బిల్డింగులో ఇల్లు, షాపువాళ్లకి షాపు. ఆలస్యాలు, గొడవలు అక్కడా ఉన్నాయి. అక్కడి పాత కిరాయి చట్టాలు వేరు, అది అలాగే ఇక్కడికి తేలేం. కానీ ఒక్కటి నేర్చుకోవచ్చు. అక్కడ ఎవరెవరు ఉంటున్నారో లెక్క రాసుకున్నాకే గోడ కూల్చారు.

కాబట్టి నేను అడిగేవి మూడు.

ఒకటి, లెక్క. ఈ మూడు ఏరియాలకి కలిపి ఒక లోకల్ ప్లాన్ వేసేముందు ఎన్ని హాస్టల్ బెడ్లు, ఎన్ని రూములు, ఎన్ని బండ్లు ఉన్నాయో లెక్కపెట్టాలి. ఓనర్ల లిస్టు పన్ను రికార్డులో ఉంటుంది. మిగతావాళ్ల లిస్టు కూడా కావాలి.

రెండు, మూడు మెట్రో స్టేషన్ల నుంచి లైబ్రరీ దాకా తెగకుండా ఒక ఫుట్‌పాత్. దీనికి పార్కింగ్ తియ్యాలి, షాపులవాళ్లు ఒప్పుకోరు. అందుకే పార్కింగ్‌కి ముందు జాగా చూపించాలి.

మూడు, ఓనర్‌కి లాభం ఉండేలా మార్పు. రోడ్డు వెడల్పు కోసం స్థలం ఇస్తే ఇప్పుడు టీడీఆర్ ఇస్తున్నారు, అంటే ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు. కావాలంటే అమ్ముకోవచ్చు. అదే పద్ధతిలో, కొత్త బిల్డింగులో ఒక ఫ్లోర్ చదువుకునేవాళ్ల కిరాయికి కొన్నేళ్లు ఉంచే ఓనర్‌కి కూడా ఏదో ఒక రాయితీ ఇవ్వచ్చు కదా?

మీరు అనొచ్చు, "బ్రో, నేను ఉండేది రెండేళ్లు, జాబ్ వస్తే వెళ్లిపోతా, నాకెందుకు?" నిజమే. మీరు వెళ్లిపోతారు. మీ బెడ్డు మీదికి మీ ఊరి నుంచి ఇంకొకడు వస్తాడు. ఆ బెడ్డు ఉంటుందా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న. లైబ్రరీ ఉండి, దాని చుట్టూ వాడు ఉండగలిగే రూమ్ లేకపోతే, ఆ లైబ్రరీ పక్కన సొంత ఫ్లాట్ ఉన్నవాళ్లకే మిగులుతుంది.

ఈ వారం ఒక చిన్న పని చేయండి. మీ రూమ్ నుంచి లైబ్రరీకో, మెట్రోకో నడిచేటప్పుడు ఫుట్‌పాత్ ఎక్కడెక్కడ తెగిపోతోందో ఫోన్‌లో ఫొటోలు తీయండి. మీరు ఎంత కిరాయి కడుతున్నారో, ఎన్నిసార్లు రూమ్ మారారో కింద కామెంట్‌లో రాయండి. పేరు రాయకపోయినా పర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో అవన్నీ ఒక మ్యాప్ మీద పెట్టి చూద్దాం. ఉంటాను, జాగ్రత్తగా నడవండి.