ఇంటి కంప్యూటరుకు వేరొక కావలి వలయునా?



పిల్లవానిని పైచదువునకు పంపు కుటుంబము నేడు తప్పక కొనవలసిన వస్తువులలో లాప్‌టాప్ ఒకటి. వర్నినుండి నిజామాబాదు పోయి దానిని కొను తండ్రిని వర్తకుడు చివర నొక ప్రశ్న అడుగును: “యాంటీవైరస్ కూడ వేయమందురా?” వలదన్న ఏ కీడు మూడునో యని భయము. వలెనన్న ఏటేట చందా. ఆ సరుకు ఎవరికి అవసరము, ఎవరికి అనవసరము అను విషయమును విచారించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట వైరసనగా నేమి? అది మనుష్యుడు దురుద్దేశముతో వ్రాసిన ఆజ్ఞల కూర్పు. తన ప్రతిని తానే వ్రాసికొనుచు ఒక యంత్రమునుండి మరొక యంత్రమునకు ప్రాకును. 1984లో ఫ్రెడ్ కోహెన్ అను అమెరికా పరిశోధకుడు దాని నీ పేరుతో వర్ణించెను. 1986లో లాహోరు నగరమున ఇద్దరు సోదరులు వ్రాసిన ‘బ్రెయిన్’ అనునది ఫ్లాపీల ద్వారా దేశదేశములకు వ్యాపించెను. ఫ్లాపీలు పోయినవి, నేడు పెన్‌డ్రైవు, ఈమెయిలు, వాట్సాప్ ఆ పనికి వాహనములైనవి. పూర్వపు వైరసులలో పెక్కులు అల్లరికొఱకు వ్రాయబడెను. నేటివి చాల వరకు ధనమును అపహరించుటకే పుట్టుచున్నవి.

యాంటీవైరస్ చేయు పని గ్రామ కావలివాని పనివంటిది. పేరుపొందిన దొంగల గుర్తుల పట్టిక దానియొద్ద నుండును. క్రొత్తగా వచ్చిన ప్రతి ఫైలును ఆ పట్టికతో సరిచూచును. పట్టికలో లేని వాని నడవడి అనుమానాస్పదమైనచో అడ్డగించును. దినదినము క్రొత్త దొంగలు పుట్టుచుండుటచే పట్టిక దినదినము మారవలసి యుండును. ఒకప్పుడు ఈ కావలివానిని వేరుగా కొనుట తప్పనిసరి. కాని 2012లో విండోస్ 8 వెలువడినప్పటినుండి మైక్రోసాఫ్టు సంస్థ డిఫెండర్ అను కావలివానిని విండోస్ లోపలనే ఉంచి యిచ్చుచున్నది. దానికి ప్రత్యేకపు చందా లేదు. కావున అసలైన విండోస్ గల క్రొత్త లాప్‌టాప్ కొన్నవాడు కావలివానిని కూడ కొన్నట్లే. వేరొక యాంటీవైరస్ వేసినచో డిఫెండర్ సాధారణముగా ప్రక్కకు తొలగును. క్రొత్తదాని గడువు తీరిన పిదప దానిని తీసివేసి, డిఫెండర్ తిరిగి పనిచేయుచున్నదో లేదో చూచుకొనవలెను.

అయినను కావలివా డున్నంతమాత్రమున ఇల్లు భద్రమని నిద్రించరాదు. గోడకు కన్నమున్నచో కావలివాడు ఎంతవరకు కాయగలడు? 2017 మే 12వ తేదీన ‘వన్నాక్రై’ అను దుష్టప్రోగ్రాము లోకమును అల్లకల్లోలము చేసెను. అది ఫైళ్ళకు తాళమువేసి, తాళపుచెవికై బిట్‌కాయినుల రూపమున ధనమడిగెను. నూటయేబదికి పైగా దేశములలో లక్షలాది యంత్రములకు సోకెను. బ్రిటన్ దేశపు ఆసుపత్రులు చిక్కులపాలైనవి. చిత్తూరు, గుంటూరు మొదలగు ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో పోలీసు శాఖ కంప్యూటర్లును దాని వాతబడెను. ఇందు గమనింపవలసిన దొకటి కలదు. అది చొరబడిన కన్నమును పూడ్చు మరమ్మతును మైక్రోసాఫ్టు 2017 మార్చి 14వ తేదీననే విడుదల చేసియుండెను. రెండు నెలల వ్యవధిలో ఆ మరమ్మతును వేసికొన్న యంత్రములలోనికి అది ఆ త్రోవన రాలేకపోయెను.

అప్‌డేట్ అని తెరమీద కనుపించినప్పుడు ‘తరువాత’ అని నొక్కి త్రోసివేయు అలవాటు ఎంత కీడో దీనివలన తెలియును. దొంగప్రతి విండోస్ వేయించుకొన్నవారికి ఈ మరమ్మతులు సరిగా అందకపోవచ్చును. పైగా ఆ దొంగప్రతిలోనే వైరసు దాగియుండవచ్చును. విండోస్ 7కు సాధారణ మరమ్మతులు 2020 జనవరి 14తో నిలిచినవి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో నిలిచినవి. పేరు నమోదు చేసికొన్న గృహస్థులకు మాత్రము మరియొక యేడాది గడువు లభించెను. పాత యంత్రమునకు డబ్బిచ్చి యాంటీవైరస్ కొనుటకంటె, వీలైనచో విండోస్ 11కు మారుట మేలు.

ఇక మూడవ ద్వారము మనుష్యుని చేయి. 2000 మే నెలలో ‘ఐ లవ్ యు’ అను శీర్షికతో వచ్చిన ఈమెయిళ్ళను ప్రేమలేఖలని భ్రమించి లక్షలమంది తెరచిరి. వైరసును తమ చేతులతోనే లోనికి పిలిచిరి. నేడు ఆ లేఖ వేషము మార్చి సెల్‌ఫోనునకు వచ్చుచున్నది. వాహన చలానా యనియు, పి.ఎం. కిసాన్ సొమ్మనియు, పెండ్లి శుభలేఖ యనియు వాట్సాప్‌లో ఏ.పి.కె. ఫైళ్ళు వచ్చుచుండును. వానిని ఫోనులో స్థాపించి, అడిగిన అనుమతులన్నియు ఇచ్చినవారి సంక్షిప్త సందేశములు, అందలి ఓ.టి.పి.లు దొంగలకు చేరును. మరికొన్నిసార్లు “మీ కంప్యూటరుకు వైరసు సోకినది, ఈ నంబరుకు ఫోను చేయుడు” అని తెర మొరపెట్టును. అదియే మోసము. ఫోను చేసినవానిచే ఎనీడెస్క్ వంటిది వేయించి, యంత్రమును తమ వశము చేసికొందురు. వైరసు భయమే ఇచ్చట వైరసు పని చేయుచున్నది.

చెఱకు పండించు ఈ సీమవారికి ఇది క్రొత్త నీతి కాదు. తోటకు ఎర్రకుళ్ళు తెగులు సోకిన పిదప మందుచల్లి దానిని కాపాడుట దుస్సాధ్యము. తెగులులేని తోటనుండి ముచ్చెలు ఏరి తెచ్చి నాటుటయే అసలైన రక్ష. ఎరుగని ఫైలు తెగులుపట్టిన ముచ్చె వంటిది, నాటకుండుటే మందు.

కావలివాండ్రను పెంచినకొలది భద్రత పెరుగునని కొందరి నమ్మకము. కాని కావలివాని చేతిలో ఇంటి తాళములన్నియు ఉండును. వాని పొరపాటు ఇంటికంతకు పొరపాటు. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రయిక్ అను రక్షణ సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్ వలన లోకమున సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు స్తంభించెను. శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితో వ్రాసి యిచ్చిరి. అవి పెద్దసంస్థలు వాడు యంత్రములే యైనను నీతి అందరికి నొకటే.

అట్లని డబ్బిచ్చి కొను యాంటీవైరస్ ఎవరికిని వలదనుట న్యాయము కాదు. పదిమంది పెన్‌డ్రైవులు పెట్టుచుండు జిరాక్సు దుకాణమునకు, ఖాతాలన్నియు కంప్యూటరులోనే వ్రాసికొను వ్యాపారికి, పలు యంత్రముల భారము వహించు పాఠశాలకు అది ఉపకరింపవచ్చును. భారత ప్రభుత్వము 2017లో నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము వైరసులను తొలగించు సాధనములను ఉచితముగా నిచ్చుచున్నది. వానిని తెలిసికొనక ముందే డబ్బు వెచ్చింపనక్కరలేదు.

అన్ని రక్షలును తప్పినప్పుడు ఆదుకొనునది రెండవ ప్రతి. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు తాళమువేయు వైరసు బారినపడి, ఆన్‌లైను బిల్లుల చెల్లింపునకు ఆటంకము కలిగెను. వేరుచోట ప్రతులు భద్రపఱచియుంటిమని అధికారులు ధైర్యము చెప్పిరి. గృహస్థునకును అట్టి ధైర్యము వలదా? పట్టాదారు పాసుపుస్తకపు నకలు, పిల్లల సర్టిఫికెట్లు, గల్ఫునుండి కొడుకు పంపిన ఫొటోలు, గతించిన తల్లిదండ్రుల చిత్రములు — ఇవి పోయినచో ఏ యాంటీవైరసును తిరిగి తేజాలదు. నెలకొకసారి వానిని వేరొక హార్డుడిస్కులో వ్రాసి, తీగ విడదీసి పెట్టెలో దాచవలెను. తీగ తగిలించియున్న ప్రతికి కూడ ఆ వైరసు తాళము వేయగలదు.

ధనమే పోయినచో సిగ్గుపడి దాచరాదు. తక్షణమే 1930 అను నంబరుకు ఫోను చేయవలెను. సొమ్ము దొంగచేతినుండి మరొక ఖాతాకు దాటకముందే తెలిపినచో బ్యాంకులు దానిని నిలుపు అవకాశము కలదు.

కావున అంగడిలోని తండ్రికి సమాధానమిది: అసలైన విండోస్, మానని అప్‌డేట్, మేల్కొనియున్న డిఫెండర్, వేరుచోట రెండవ ప్రతి, ఎరుగని ఫైలును తెరవని చేయి — ఈ అయిదును కలవానికి వేరొక కావలి అక్కరలేదు. ఈ అయిదును లేనివానికి ఎన్ని కావళ్ళు కొన్నను చాలవు. ఇందు మొదటి నాలుగును యంత్రమున అమర్చవచ్చును. అయిదవది చదువువలననే అబ్బును. ఇరువదియైదేండ్లుగా ఊరివారికి చదివి తెలిసికొను అలవాటును పెంచిన గ్రంథాలయము ఈ అయిదవ రక్షకు నిలయమై, మరెన్నో ఉత్సవములు జరుపుకొనుగాక.