అమరినదెల్ల పొసగదు

అరకులోయలోని ఒక పాఠశాలకు మేము వెళ్ళినపుడు ఉపాధ్యాయులు మూగవోయిన కంప్యూటరును చూపిరి. వేగము పెరుగునని, చౌకగా దొరికిన సర్వరు ప్రాసెసరును విశాఖపట్నమునుండి తెప్పించిరట. సాకెట్టులో చక్కగా అమరినది. యంత్రము మాత్రము మేల్కొనలేదు.

లోపము ప్రాసెసరుది కాదు. 2013లో వచ్చిన ఇంటెల్ జియాన్ ఈ3 వీ3 పెక్కు సామాన్య మదర్‌బోర్డులపై పనిచేసినది. వారు తెప్పించినది 2015 నాటి వీ5. దాని సాకెట్టు డెస్క్‌టాప్ ప్రాసెసర్లకుండు ఎల్‌జీఏ 1151యే యైనను, సీ232 లేక సీ236 చిప్‌సెట్టు గల బోర్డు కావలెను.

కొనుటకు ముందు బోర్డు తయారీదారులు ప్రకటించిన ప్రాసెసర్ల పట్టికను చూడవలెనని మా మనవి. పట్టణమున ఈ పొరపాటు దిద్దుట ఒక పూట పని. కొండవారు మరల ఘాట్ రోడ్డు దిగి ఎక్కవలెను. అంతవరకు పిల్లల పాఠము ఆగును.