పెనుకొండలో తొలి దినము

విజయనగర సామ్రాజ్యము 1565వ సంవత్సరమున తళ్ళికోట యుద్ధముతో ముగిసినదని మన పిల్లలు బడిలో చదువుకొందురు. పరీక్షకు ఆ సమాధానమే చాలును. కాని కదిరిలో పొద్దుటి బస్సెక్కి పెనుకొండలో దిగిన విద్యార్థికి అది చాలదు. ఓడిన రాజ్యము వచ్చి మరల నిలదొక్కుకొన్న చోటు అదియే.

ఇటీవల అట్టి విద్యార్థి యొకడు మాతో వచ్చెను. కదిరి నరసింహస్వామి గోపురము నీడలో పెరిగిన కుర్రవాడు. డిగ్రీ మొదటి సంవత్సరము చదువుచున్నాడు. రాజధాని యనగానే హంపీ బొమ్మలను మనసులో పెట్టుకొని వచ్చినట్లున్నాడు. బస్సు దిగి అంగళ్ళను, ఆటోలను చూచి, "ఏమి సార్, ఇంతేనా?" అనెను.

"ముందు కొండను చూడు నాయనా" అంటిమి. యుద్ధమున అళియ రామరాయలు కూలిన పిమ్మట ఆయన తమ్ముడు తిరుమలరాయలు, పేరునకు రాజైన సదాశివరాయలను వెంటబెట్టుకొని ఇక్కడికి తరలివచ్చెను. ఈ చోటును ఊరక ఎన్నుకొనలేదు. నిలువుగా లేచిన గుండ్లకొండ. దాని నంటి బుక్కరాయల నాడే, ఆయన కుమారుడు విరుపణ్ణ ఏలుబడిలో వెలసిన కోట. తిరుమలరాయలు 1570 ప్రాంతమున తానే పట్టము గట్టుకొనగా ఆరవీటి వంశపు ఏలుబడి మొదలైనది. బీజాపూరు, గోలకొండ సేనలు వేర్వేరు సమయములందు ఈ కోటను ముట్టడించి, ఆ శతాబ్దమున వట్టి చేతులతో వెనుదిరిగినవి. వేంకటపతిరాయలు చంద్రగిరికి మారువరకు, పాతికేండ్లకు పైగా, ఇదియే రాజధాని.

గగనమహలు ఎదుట చాలసేపు నిలిచితిమి. రెండంతస్తుల మేడ. క్రింద కొనదేలిన కమానులు. పైన దేవాలయ విమానమును తలపించు శిఖరము. కుర్రవాడు క్రిందికీ పైకీ రెండుమూడుమార్లు చూచి, "సార్, ఈ కమానులు వీళ్ళను ఓడించినవాళ్ళవి గదా?" అని అడిగెను. ఆ ప్రశ్న విని మాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. హంపీలోని కమలమహలున కూడ ఇట్టి కమానులే కలవు. రామరాయల సేనలో ముస్లిము సేనానులు ఉండిరి. ఆయన సుల్తానులలో ఒకరితో చేరి మరియొకరిపై యుద్ధము చేసినవాడు. ఆ యుద్ధమును రెండు మతముల పోరుగా మాత్రమే చదువుకొన్నవానికి ఈ మేడ అర్థము కాదు. ఇవన్నియు చెప్పగా కుర్రవాడు చాలసేపు మాటాడలేదు.

తక్కినవి త్వరగా చూచితిమి. ప్రక్కప్రక్కనే రామాలయము, శివాలయము. రామాలయపు గోడలపై రామకథ, కృష్ణలీలలు చెక్కినారు. వెనుక సర్పము వంపులు తిరుగగా నిలిచిన పార్శ్వనాథుని జైనాలయము. బాబయ్య దర్గాకు అన్ని మతములవారు వత్తురు. అచట చెనిక్కాయలు అమ్ము ముసలమ్మ, "ఏ ఊరు నాయనా?" అని అడిగి, కదిరి యనగానే, "మా సామిని చూసినావు, ఇంక మీ సామికి చెప్పు" అని నవ్వెను.

తిమ్మరుసు ఇక్కడనే కడతేరినాడని ఊరివారు సమాధి నొకటి చూపుదురు. అది జనశ్రుతి. కుర్రవానిని తన పుస్తకములో రెండు పుటలు వేరుచేయుమంటిమి: ఒకదానిపై రాతిలో చూచినది, రెండవదానిపై నోట విన్నది. సాయంకాలమునకు రెండవ పుటయే ముందు నిండినది!

గోడలపై బొగ్గుతో తమ పేర్లు వ్రాసినవారిని గురించి ఇచట ఏమియు చెప్పము. శ్రోతలలో వారి తల్లిదండ్రులు ఉండవచ్చును.

కొండ ఎక్కుటకు పొద్దు చాలలేదు. అది మరునాటి పని. తెల్లవారకముందే బయలుదేరి, నీళ్ళు, టోపీ వెంట దెచ్చుకొనవలెను. పదిగంటలు దాటెనా, ఆ గుండ్లు పెనమువలె కాలును.