కరువు కలిపిన వీధి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వనస్థలిపురం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. పింఛను గురించి అయితే గంటసేపు మాట్లాడగలను. కాలనీ గురించి పది నిమిషాలు చాలు. అయితే ఆ పది నిమిషాల్లో నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవలసి ఉంది.

మనం కాపురముంటున్న ఈ ప్రాంతం ఒకప్పుడు నిజాం ప్రభువులు వేటాడిన అడవి. ఆ అడవిలో మిగిలిన భాగమే విజయవాడ రహదారి పక్కనున్న మహావీర్ హరిణ వనస్థలి. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరాన్ని పురస్కరించుకుని 1975లో ఆ పేరు పెట్టారు. కృష్ణజింకలకు నెలవైన ఆ వనం 1994లో జాతీయ పార్కు అయింది. వేటాడిన చోటే జింకలకు రక్షణ దొరికింది. ఆ పక్కనే మనలాంటి గుమాస్తాలకు ఇళ్ల స్థలాలు దొరికాయి.

స్థలాలైతే దొరికాయి గాని నీళ్లు దొరకలేదు. నగరానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్, ఆ తరువాత మంజీరా నీళ్లు వచ్చాయి. అవన్నీ పడమటి దిక్కువి. మనమేమో తూర్పు కొసన ఉన్నవాళ్లం. మన పొరుగున హయత్‌నగర్‌లో కుతుబ్‌షాహీల నాటి మసీదు దగ్గర హాథీ బౌలీ అనే పెద్ద బావి ఉంది. ఏనుగుల చేత నీరు తోడించేవారని దానికా పేరు వచ్చిందంటారు. ఏనుగులు తోడిన చోట మనం బిందెలు పట్టుకుని నిలబడ్డాం!

1980ల్లో గృహ నిర్మాణ అడ్వాన్సు తీసుకుని ఇల్లు కట్టుకున్నవారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మార్చి దాటేసరికి బోరు గుర్రుమని గాలి వదిలేది. ట్యాంకరు ఏ వేళకు వస్తుందో దేవుడికే ఎరుక. అర్ధరాత్రి హారన్ వినబడితే వీధి వీధంతా లేచేది. ముందు డ్రమ్ములు, వెనుక బిందెలు, వాటి వెనుక లుంగీలు బిగించుకున్న సెక్షన్ సూపరింటెండెంట్లు. పొద్దున ఆఫీసులో ఫైళ్ల మీద కునికిపాట్లు పడేది అందుకే.

ఆ వరుసలోనే తగాదాలు వచ్చాయి, స్నేహాలూ కుదిరాయి. మా పక్కింటి వారిది నల్లగొండ జిల్లా, మాది గుంటూరు జిల్లా. వాళ్లు ఆనపకాయ అంటే మేం సొరకాయ అనేవాళ్లం. నీళ్లు పట్టుకుంటూనే మా ఆవిడకు ఆమె బతుకమ్మ పేర్చడం నేర్పింది. మా ఆవిడ ఆమెకు గోంగూర పచ్చడి నేర్పింది. ఎవరింట్లో ముసలివాళ్లకు జ్వరమో, ఎవరి కోడలికి నెలలు నిండాయో ట్యాంకరు దగ్గరే తెలిసేది. పురిటింటికి రెండు బిందెలు ముందుగా ఇవ్వాలన్నది మా వీధిలో రాయని జీవో.

2004లో కృష్ణ నీళ్లు వచ్చాయి. నాగార్జునసాగర్ జలాశయం నుంచి అక్కంపల్లికి, కోదండాపురంలో శుద్ధి అయి, అక్కడినుంచి పెద్ద పైపుల్లో మన సాహెబ్‌నగర్ రిజర్వాయరుకు చేరాయి. మొదటి దశలో రోజుకు 9 కోట్ల గాలన్ల పథకం అది. ఇన్నాళ్లకు నీరు మనవైపు నుంచి నగరంలోకి అడుగుపెట్టింది. నేను 2003లో రిటైరయ్యాను. ట్యాంకరు వరుసలో తీరిగ్గా నిలబడే యోగం వచ్చిందనుకునేలోపే ట్యాంకరు మానేసింది!

ఆ తరువాత సౌకర్యాలు ఒకటొకటే వచ్చాయి. 2007లో మన మున్సిపాలిటీ మహానగరంలో కలిసింది. 2018లో ఎల్.బి. నగర్‌కు మెట్రో రైలు వచ్చింది. వీటిలో దేనినీ నేను తప్పు పట్టను. అర్ధరాత్రి బిందె మోసిన నడుముకు కుళాయి విలువ తెలుసు. అయితే ఎవరి సంపు వారికి నిండాక ఎవరి గేటు వారు మూసుకున్నాం. పిల్లలు బెంగుళూరుకో అమెరికాకో వెళ్లారు. పది మంది మసలిన ఇళ్లల్లో ఒకరో ఇద్దరో మిగిలాం.

ఇక నా తప్పు సంగతి. మా ఎదురింటి మాస్టారు భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నారు. కిందటేడు ఒక ఉదయం నేను వరండాలో పేపరు చదువుతుంటే వారింట్లో ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది. అలా ఎన్నిసార్లో. ‘ఈయన ఎత్తరేమిటి, గుడికి వెళ్లారేమో’ అనుకున్నాను. పాల ప్యాకెట్టు గేటుకే వేలాడుతున్నది కూడా చూశాను. చూసి, పేజీ తిప్పాను.

పది గంటలకు పనిమనిషి వచ్చి కేక పెట్టింది. మాస్టారు తెల్లవారుజామున స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆ ఫోను అమెరికా నుంచి కూతురిది. తరువాత ఆ అమ్మాయి నాతో ఒక్కటే అంది: “అంకుల్, మన వీధిలో ఎవరి నంబరూ నా దగ్గర లేదు.” చిన్నప్పుడు ట్యాంకరు దగ్గర మా బిందె ఎత్తిపెట్టిన పిల్ల ఆమె. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వాన కురిసినప్పుడు, కరోనా భయాన్ని కూడా పక్కనపెట్టి పల్లపు ఇళ్లవాళ్లను మేడమీది వాళ్లు పైకి పిలుచుకున్నారు. అంటే మన మనసులు మారలేదు. నీళ్లు లేకపోతేనో, ముంచెత్తితేనో తప్ప తలుపు తట్టే అలవాటు మాత్రం పోయింది.

అందుచేత సంఘానికి నా విన్నపాలు రెండు. ప్రతి వీధికీ ఒక జాబితా తయారు చేయండి. ఇంటి నంబరు, ఫోను నంబరు, దూరాన ఉన్న పిల్లల నంబరు అందులో ఉండాలి. దాని ప్రతి ఒకటి ఆ పిల్లలకూ పంపండి. రెండవది, ఒంటరిగా ఉన్నవారు ఇంటి మారుతాళం చెవి నమ్మకమైన పొరుగువారి దగ్గర ఉంచండి. వీటికి ఖర్చు లేదు, జీవో అక్కర్లేదు.

మాస్టారు ఆపరేషను చేయించుకుని, ఇప్పుడు వాకరు పట్టుకుని నడుస్తున్నారు. మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. రాత్రి వెలిగించిన వరండా లైటు ఉదయం ఏడింటికల్లా ఆయన ఆర్పాలి. ఆర్పకపోతే నేను వెళ్లాలి. మొన్నొక రోజు ఏడూ పదికి కూడా లైటు వెలుగుతూనే ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. ఆయన నింపాదిగా కాఫీ కలుపుతూ, “మరిచిపోయానండీ, ఎటూ వచ్చారు గదా, మీకూ ఒక గ్లాసు పోయనా?” అన్నారు.

ఇరవై ఏళ్ల తరువాత వారింట్లో కాఫీ తాగాను.