నిమ్మతొక్క సాక్ష్యము

అంగడి నిమ్మపండుపై బూజు పట్టకుండుటకై పూసిన మందు మిగిలియున్నదో లేదో తెలిసికొనవలెనన్న, పూర్వము తొక్కను నూరి, ద్రావకములలో నానబెట్టి, వడగట్టి, చాలసేపు వేచియుండవలసి వచ్చెడిది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున గ్రాహం కుక్స్ ప్రభృతులు 2010లో ప్రకటించిన పద్ధతి ఈ శ్రమను చాలవరకు తప్పించినది.

త్రికోణముగా కత్తిరించిన కాగితముతో తొక్కను తుడిచి, దానిపై మిథనాలు బొట్టు వేసి, కొన్ని వేల వోల్టుల విద్యుత్తును తగిలించినచో, కాగితపు మొననుండి విద్యుదావేశము గల సూక్ష్మబిందువులు చిమ్మి, ద్రవ్యరాశి వర్ణపటమాపకమను యంత్రమున — పేరు బరువైనదే గాని, చేయు పని తూకమే — ప్రవేశించును. అచ్చట అణువులు తమతమ భారములననుసరించి వేరుపడగా, బూజు మందులగు థయాబెండజోల్ 202 కడను, ఇమజలిల్ 297 కడను గీతలై నిలుచును. ఇమజలిల్‌లో రెండు క్లోరిన్ పరమాణువులుండుటచే 299 కడ మరియొక గీత దానికి తోడై కనబడును. ఇంతయు నిమిషములో ముగియును. పండు మాత్రము చెక్కుచెదరదు.