ఎక్స్‌రే విద్యలో చేతి యభ్యాసము



సుశ్రుత సంహిత సూత్రస్థానమున యోగ్యాసూత్రీయమను నధ్యాయ మొకటి కలదు. శాస్త్రమెంత చదివినను చేతితో అభ్యసింపని శిష్యుడు చికిత్సాకర్మకు తగడని యందు చెప్పబడినది. కోత నేర్చుటకు గుమ్మడి, ఆనప, దోస వంటి కాయలను, సిరావేధము నేర్చుటకు చచ్చిన పశువుల సిరలను, తామర కాడలను, కట్లు కట్టుట నేర్చుటకు మనుష్యాకారముగ చేసిన బొమ్మను గైకొనవలెనని విధి. ఎక్స్‌రే మాట చెప్పవచ్చి సుశ్రుతుని ప్రస్తావన యేల యని మీ రడుగవచ్చును. ఇంటర్మీడియెటు ముగించి రేడియోగ్రఫీ చదువునకు పోవుచున్న మన యూళ్ల బాలబాలికలకు నేడును కావలసినది ఈ యభ్యాసమే. అయితే వారి విద్యలో నొక చిక్కు కలదు. కాయను కోసిన కాయకు నొప్పి లేదు. ఒకరి చేతికొకరు కట్టు కట్టి విప్పినను హాని లేదు. ఎక్స్‌రే కిరణమును మాత్రము, నేర్చుకొనుట కొరకని, ఆరోగ్యవంతుని దేహముపై ప్రసరింపజేయరాదు.

ఈ నిషేధము ఊరక వచ్చినది కాదు. జర్మనీ దేశమున రాంట్‌జన్ పండితుడు 1895 నవంబరు 8వ తేదీన ఈ కిరణములను కనుగొనెను. డిసెంబరు 22న తన భార్య చేతి యెముకలను, వ్రేలి యుంగరముతో గూడ, పటమున కెక్కించెను. తొలినాళ్లలో పనిచేసినవారు కిరణముల బలమెంతయో తెలిసికొనుటకు తమ చేతినే అడ్డుపెట్టి చూచుకొనెడివారు. చర్మము మాడెను, వ్రేళ్లు పోయెను, పుండ్లు రాచపుండ్లయ్యెను. ఎడిసన్ సహాయకుడగు క్లారెన్స్ డాలీ రెండు చేతులను తీసివేయించుకొనియు బ్రదుకక 1904లో మరణించెను. హాంబర్గు నగరమున 1936లో నెలకొల్పిన స్మారకశిలపై, ఈ కిరణములకు బలియైనవారి పేర్లు తొలుతనే 169 చెక్కిరి.

కావున నేటి విద్యార్థికి గుమ్మడికాయకు మారుగా ఫాంటమ్ అను బొమ్మ నిచ్చుచున్నారు. మాంసమువలె కిరణముల నాపు పదార్థములో ఎముకలను పొదిగి దానిని చేయుదురు. దానిపై ఎన్నిమారులైనను మీట నొక్కవచ్చును. ఇక తోడి విద్యార్థిని రోగిగా నిలబెట్టి, యంత్రము నాపియుంచి, నిలుపుట, పరుండబెట్టుట, గుర్తులు తడిమి పట్టుట అభ్యసింతురు. మెడ వెనుక ఉబ్బెత్తుగా తగులు ఏడవ పూస, నడుమునకు ఇరుప్రక్కల తుంటి యెముక పైయంచు, ఇవన్నియు కన్నులు మూసికొనియు వ్రేలికి తెలియవలెను. ఇంతవరకు సుఖమే. కాని బొమ్మ ఊపిరి పీల్చదు, దగ్గదు, భయపడదు. తోడి విద్యార్థి చెప్పినట్లు నిలుచును. అసలు విద్య ఆసుపత్రిలో, అనుభవజ్ఞుడైన రేడియోగ్రాఫరు ప్రక్కన నిలిచియుండగా ప్రారంభమగును.

మిక్కిలి సామాన్యమైన ఛాతీ పటమునే చూడుడు. రోగి ఛాతీని ఫలకమున కానించి, వీపును యంత్రమువైపు త్రిప్పి నిలువవలెను. అట్లు నిలిచిన గుండె ఫలకమునకు చేరువ యగుటచే దాని నీడ అతిగా పెరుగదు. కిరణముల గొట్టము ఆరడుగుల దూరమున నుండును. గడ్డము పైకెత్తి, చేతులు నడుముపై నుంచి, భుజములు ముందునకు త్రోయవలెను. లేనిచో రెక్కల యెముకలు ఊపిరితిత్తులపై నీడ వేయును. పుస్తకమున నిది ఒక్క పుట. కీళ్లవాతముతో భుజము కదలని ముసలమ్మ వచ్చి నిలిచినప్పుడు ఆ పుట యక్కరకు రాదు. "అమ్మా, భుజము పట్టుకొని మెల్లగా ముందుకు త్రిప్పుతాను" అని ముందు చెప్పి, పిదప ముట్టవలెను. ఎంత త్రిప్పిన చాలునో, ఎక్కడ ఆపవలెనో గురువు చేయి చూచి శిష్యుని చేయి నేర్చుకొనవలసినదే.

అటుపై ఊపిరి. "గాలి బాగా పీల్చి బిగబట్టండి" అనుటకును మీట నొక్కుటకును నడుమ నెంత వ్యవధి యుండవలెను? ఎగశ్వాసతో నున్నవాడు క్షణకాలమైన నిలుపలేడు. చెవుడున్నవాడు వినడు. నేర్పరి యగువాడు మొదట ఒకమారు ఊరక పీల్పించి, ఛాతీ లేచు తీరు కనిపెట్టి, రెండవమారు మీట నొక్కును. పటము చక్కగ వచ్చినచో వెనుకటి ప్రక్కటెముకలు పది లెక్కకు వచ్చును. ఆంగ్లపు మాటలు కంఠస్థము చేసి తెలుగున నొక వాక్యము ధైర్యము చెప్పజాలని విద్యార్థి ఇచ్చట చిక్కుపడును. భాష కూడ ఈ వృత్తిలో పనిముట్టే యని నేననుట ఉపాధ్యాయుని పక్షపాతమే కావచ్చును.

మెడలోని లోహము పటముపై తెల్లగా పడును. పురుషుని తాయెత్తు తీయించుట తేలిక. మంగళసూత్రము మాట వేరు. "గొలుసు తీయి" అని కసరినచో ఆ యిల్లాలు తీయదు, కన్నీరు పెట్టుకొనును. ఆడతోడును పిలిచి, కారణము వివరించి, అప్పటికిని ఇష్టపడనిచో సూత్రమును గడ్డమునకు పైగా జరిపి పటములో పడకుండ చూడవలెను. జడను నెత్తిపై ముడిపించవలెను. భుజముపై వ్రేలాడు జడ ఊపిరితిత్తి శిఖరమున నీడ వేసి, క్షయ మచ్చ యేమో యని భ్రమ గొల్పగలదు. ఒక జడ పాటు తప్పిపోయిన, ఒక కుటుంబము నిద్ర లేక యుండును.

"నీవు వెంకయ్యవా?" యని యడిగిన బెదరియున్న రోగి యెవడైనను తలయూపును. "మీ పేరేమండీ?" యని యడుగవలెను. కుడియెడమల గుర్తు పెట్టుట, గర్భవతి యేమో యని స్త్రీలను మరుగున నడుగుట ఇట్టివే. తుంటి విరిగిన వృద్ధుని కాలు త్రిప్పరాదు. అచ్చట యంత్రమును త్రిప్పవలెను గాని మనిషిని కాదు.

పూర్వము ఫిల్మును చీకటిగదిలో కడుగుదురు. కిరణము లెక్కువైన ఫిల్ము నల్లబడి శిష్యుని తప్పు వెంటనే బయటపడెడిది. నేటి డిజిటలు యంత్రము ఆ తప్పును సవరించి అందమైన పటమునే చూపును. పటము క్షమించెను గాని రోగి దేహము పుచ్చుకొన్న కిరణములు తగ్గవు. పటముతోబాటు వచ్చు సూచికాంకమును చూడుమని ప్రక్కనుండి చెప్పువాడు లేనిచో, విద్యార్థి యేండ్ల తరబడి ఎక్కువ కిరణములనే వాడుచు తాను నిపుణుడ ననుకొనును. చెడిన పటమును మరల తీయవలసివచ్చిన, అనుభవజ్ఞుడు దగ్గర నుండనిదే విద్యార్థి మీట నొక్కరాదని అమెరికాలో ఈ విద్యాలయములను పరిశీలించు సంస్థ నియమము. మంచి నియమము.

ఆడపిల్లను ఈ చదువునకు పంపవచ్చునా యని యడుగువారు కలరు. మొదటి ప్రపంచయుద్ధమున మేరీ క్యూరీ సుమారు 150 మంది స్త్రీలకు ఈ పని నేర్పి సైనికాసుపత్రులకు పంపెను. కిరణముల భయము కూడ కలదు. పనిచేయువారికి ఐదేండ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులు, ఏ యొక్క యేటను 30 మించరాదని మన అణుశక్తి నియంత్రణ మండలి విధి. ఒక్క ఛాతీ పటమున రోగికి తగులునది సుమారు 0.02 మాత్రమే. గోడచాటున నిలుచుట, సీసపు కవచము, ఎదపై కొలమానపు బిళ్ల, ఇవి యలవాటైన భయము లేదు. ఆ బిళ్లను పెట్టెలో దాచి పనికి పోవువాని గూర్చియే భయము.

ఈ వృత్తుల కొరకు 2021లో పార్లమెంటు చట్టము చేసినది. ఐనను ఆసుపత్రి యెరుగని కాలేజీలు లేకపోలేదు. రుసుము కట్టకముందు పెద్దలు స్వయముగ పోయి అడుగుడు. పిల్లలు ఏ యాసుపత్రిలో నభ్యసింతురు? వారానికెన్ని దినములు? ఒక్కొక్క రేడియోగ్రాఫరు చెంత నెందరు? కొలమానపు బిళ్ల ఎప్పటినుండి యిత్తురు? ఎక్స్‌రే గదిని చూపుడనుడు; గోడపై పటముల నడుమ వ్రేలాడు ప్రశంసాపత్రములు చూపి మాట మార్చినచో, పిల్లను వెంటబెట్టుకొని తిరిగి రండు.